ఎన్ని బాడీలు తీస్తారు? మోడల్ విమానానికి ఫైబర్ ఫ్యూజలాజ్ (బాడీ) చేసే ముందు

"అన్నా, మోల్డ్ మొదలుపెడుతున్నా. ఏ క్లాత్ తెచ్చుకోమంటావు?" అని ఈ మధ్య ఓ కుర్రాడు ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. మోల్డ్ అంటే బాడీలు తీసే అచ్చు, క్లాత్ అంటే గ్లాసు పోగులతోనో కార్బన్ పోగులతోనో నేసిన గుడ్డ. క్లాత్ సంగతి తర్వాత, ముందు ఎన్ని బాడీలు తీస్తావో చెప్పు అన్నాను. "ఒకటేనన్నా." ఒక్కదానికి మోల్డ్ ఎందుకురా అంటే అటునుంచి మాట లేదు.

ఫ్యూజలాజ్ గురించి అడిగేవాళ్లు చాలామంది ఇలాగే మధ్యలోంచి మొదలుపెడతారు. కార్బన్ వాడాలా, గ్లాస్ వాడాలా? వ్యాక్యూమ్ మంచిదా, బెలూన్ మంచిదా? ఇవన్నీ అసలు ప్రశ్నకు తోకలే. ఎన్ని కావాలి అన్నది తేలితే సగం నిర్ణయాలు వాటంతట అవే తేలిపోతాయి. బరువు ఎక్కడ పడుతుందన్నది చూసుకుంటే మిగతా సగం తేలుతుంది.

గాల్లో మాట్లాడకుండా ఒక బాడీని ఎదురుగా పెట్టుకుందాం. 2 మీటర్ల రెక్క ఉన్న ఎలక్ట్రిక్ గ్లైడర్. బాడీ పొడవు 110 సెంటీమీటర్లు. రెక్క దగ్గర లావు, తోక దగ్గర సన్నం, సగటు చుట్టుకొలత 17 సెంటీమీటర్లు. అంటే పైతోలు సుమారు 1,900 చదరపు సెంటీమీటర్లు, 0.19 చదరపు మీటరు. దీని మీద బయట ఒక పొర 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) గ్లాస్ క్లాత్, లోపల రెండు పొరలు 163 జీఎస్ఎం వేశామనుకోండి. క్లాత్ బరువే 77 గ్రాములు. బ్రష్‌తో చేత్తో తడిపితే రెజిన్ (క్లాత్‌ను తడిపి గట్టిపరిచే ద్రవం) కూడా దాదాపు అంతే పడుతుంది. మొత్తం 154. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కింద ప్రతి పద్ధతినీ దీంతోనే తూస్తాను.

ఇంకో అంకె కూడా కావాలి. ఈ గ్లైడర్ సీజీ (ముందూ వెనకా బరువు సమంగా తూగే చోటు) ముక్కు నుంచి 35 సెంటీమీటర్ల దగ్గర ఉంటే తోక కొస దానికి 75 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. తూకం సరిచేయడానికి సీసం పెట్టే చోటు సీజీకి మహా అయితే 25 ముందుకు. అంటే తోకలో 1 గ్రాము పెరిగితే ముక్కులో 3 గ్రాములు పెట్టాలి. ముక్కు దగ్గర ఎంత చెత్తగా చేసినా విమానం ఓర్చుకుంటుంది, తోక దగ్గర మాత్రం ఓర్చుకోదు.

ఒక్కటే కావాలంటే

ఒకటి, మహా అయితే రెండు కావాలంటే థర్మాకోల్ దారి పట్టండి. గట్టి నీలం ఫోమ్ దొరికితే మరీ మంచిది. బాడీ ఆకారంలో ఫోమ్ చెక్కి, దానికి బ్రౌన్ ప్యాకింగ్ టేప్ చుట్టి, పైన గ్లాస్ క్లాత్, ఎపాక్సీ రెజిన్ వేయడమే. గట్టిపడ్డాక రెక్క కూర్చునే చోట కోసి లోపలి ఫోమ్ గీకి తీసేస్తారు. తోక లోపల చెయ్యి వెళ్లనిచోట కొంచెం అసిటోన్ పోస్తే ఫోమ్ కరిగి బంకలా కారిపోతుంది. అసిటోన్‌ను ఎక్కువసేపు ఉంచకండి, కొత్త ఎపాక్సీని మెత్తబరుస్తుంది. కిటికీలు తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా చేయండి.

టేప్ ఎందుకంటే అది లేకపోతే రెజిన్ ఫోమ్‌లోకి దిగి పట్టుకుంటుంది. తర్వాత ఎంత గీకినా తోకలో 5 గ్రాముల ఫోమ్, బంక మిగిలిపోతాయి. పైన చెప్పిన లెక్కలో అది 15 గ్రాముల సీసం.

ఈ పద్ధతిలో నునుపు బయట రావాలి కదా, ఇబ్బందంతా అక్కడే. క్లాత్ అల్లిక కనబడకుండా లప్పం పెట్టాలి, రుద్దాలి, ప్రైమర్ కొట్టాలి, మళ్లీ రుద్దాలి. లప్పం, ప్రైమర్ కలిసి 40 గ్రాములు తేలిగ్గా మింగేస్తాయి. పెయింట్ 20 వేసుకుంటే మన 154 కాస్తా 214 అవుతుంది. పైగా రుద్దుతూ రుద్దుతూ క్లాత్ దాకా వెళ్లి, ఎంతో బలం ఇవ్వాల్సిన పై పొరనే అరగదీస్తాం. అయినా రెండు వారాంతాల్లో బాడీ చేతికొస్తుంది. ఒక్క విమానానికి ఇంతకంటే ఎక్కువ కష్టపడటం నా దృష్టిలో సరదా, అవసరం కాదు.

బాడీని సగానికి కోసేసే ఆలోచన

ఎందుకో గానీ చాలామందికి ఇది తట్టదు. గ్లైడర్ బాడీలో వెనక సగం వట్టి గొట్టమే. దాన్ని మనమే చేయాలని ఎక్కడుంది? చేపలు పట్టే కార్బన్ గాలపు కర్ర తోక వైపు సన్నబడుతూ, తేలిగ్గా, బిగువుగా ఉంటుంది. మనకు కావాల్సిన కొలత చూసి 75 సెంటీమీటర్లు కోసుకుంటే తోక గొట్టం సిద్ధం. మోల్డ్ చేయాల్సింది ముందున్న 35, 40 సెంటీమీటర్ల బుర్ర మాత్రమే. చేత్తో విసిరే పోటీ గ్లైడర్లు ఎక్కువగా ఈ తరహాలోనే ఉంటాయి.

దీని సుఖం చేసినవాళ్లకే తెలుస్తుంది. పొట్టి మోల్డ్ వంకర పోదు. లోపలికి చెయ్యి వెళ్తుంది. అతుకు చూసుకోవచ్చు. బుర్ర పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. కష్టం గొట్టం బుర్రలో కూర్చునే చోట ఉంటుంది. అక్కడ కనీసం 6, 7 సెంటీమీటర్లు లోపలికి దిగాలి, చుట్టూ 45 డిగ్రీల వాలులో క్లాత్ ముక్క చుట్టాలి. లేదంటే గట్టిగా దిగిన మొదటిరోజే అక్కడ విరుగుతుంది. అందం విషయంలో రాజీ పడాలి. నిజం విమానంలా కనబడాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు. మొదటిసారి మోల్డ్ చేసేవాళ్లకు మాత్రం నేను ఇదే చెబుతాను, ఫోన్ చేసిన కుర్రాడికీ ఇదే చెప్పాను.

రెండు ముక్కల అచ్చు

నాలుగు బాడీలు దాటుతాయనుకుంటేనే పూర్తి మోల్డ్. నా చేతివాటం లెక్క ఇది: సాయంత్రాలు పనిచేస్తే ప్లగ్‌కు మూడు వారాలు, మోల్డ్‌కు ఒక వారం, ఆ తర్వాత ఒక్కో బాడీకి రెండు సాయంత్రాలు. ఒకటీ రెండూ తీసి మోల్డ్‌ను అటక మీద పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. నా అటక మీదా రెండున్నాయి.

ప్లగ్ అంటే అసలు బాడీ ఆకారపు నమూనా. మోల్డ్ దాని అద్దం. ప్లగ్ మీద వేలిముద్ర ఉంటే ప్రతి బాడీ మీదా వేలిముద్ర వస్తుంది. దేంతో చేయాలన్నదానికి మూడు దారులున్నాయి. చెక్క పాతకాలపు దారి, పని నిదానం, కానీ గట్టిది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెక్కతో ఓసారి ముక్కు భాగం చెక్కాను. చాకు వెన్నలో దిగినట్టు దిగింది. బాడీ మొత్తానికి సరిపడే పొడుగు ముక్క మాత్రం నాకు దొరకలేదు. ఫోమ్ చెక్కి దానిపై గ్లాస్ పొర వేయడం రెండో దారి, చవకైనది. మూడోది త్రీడీ ప్రింట్. డ్రాయింగ్ కంప్యూటర్లో చేసేవాళ్లకు ఇప్పుడు ఇదే సరైనది. కుడీ ఎడమా కచ్చితంగా ఒకేలా వస్తాయి. చెక్కతో అది సాధించాలంటే అట్ట ముక్కలు కోసి ప్రతి 5 సెంటీమీటర్లకూ పెట్టి చూసుకోవాలి.

ఏదైనా చివరికి లప్పం, ప్రైమర్, వాటర్ పేపర్ దగ్గరికే వస్తుంది. 400 నంబరుతో మొదలుపెట్టి 1000 దాటి 2000 దాకా తడిపి రుద్దాలి. ఇక్కడ తొందరపడితే ఓ మోసం జరుగుతుంది. లప్పం ఆరినట్టే ఉంటుంది కానీ రోజుల తరబడి కుంగుతూనే ఉంటుంది. ఆదివారం అద్దంలా ఉన్న ప్లగ్ మీద పదిహేను రోజుల తర్వాత ప్రింట్ గీతలు తేలతాయి. అందుకే ప్రైమర్ కొట్టాక నేను కనీసం రెండు వారాలు వదిలేస్తాను.

ఏ గీత మీద విడగొట్టాలి?

డిజైన్ అంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉందనిపిస్తుంది నాకు. కుడి, ఎడమ ముక్కలుగా విడగొట్టొచ్చు. లేదా పై, కింది ముక్కలుగా.

దిగేటప్పుడు బాడీ పైకీ కిందికీ వంగుతుంది. ఆ బరువంతా మోసేది బాడీ వీపు, పొట్ట. కుడి ఎడమలుగా చీలిస్తే సరిగ్గా ఆ రెండు చోట్లా అతుకు వస్తుంది. పై కిందలుగా చీలిస్తే అతుకు పక్కలకు పోతుంది, వీపు మీద క్లాత్ ముక్కు నుంచి తోక దాకా తెగకుండా నడుస్తుంది. బలానికి రెండోదే మంచిది. కానీ నిలువు తోక బాడీతో కలిసి రావాలంటే పై కింద చీలిక కుదరదు, తోక మోల్డ్‌లో ఇరుక్కుపోతుంది. అప్పుడు కుడి ఎడమ తప్పదు. నా మాట వింటే నిలువు తోకను విడిగా చేసుకుని తర్వాత అతికించండి, మోల్డ్‌ను పై కిందలుగా విడగొట్టండి. ఒక్క ముక్కగా వచ్చిన బాడీ అందం వేరు, ఒప్పుకుంటాను. ఆ అందం కోసం వీపు మీద అతుకును రెట్టింపు జాగ్రత్తగా చేయాలి.

ఎలా చీల్చినా ఆ గీత బాడీ అత్యంత వెడల్పైన చోటే నడవాలి. పక్కలు నిట్టనిలువుగా గీస్తే ముక్క ఊడదు, రెండు మూడు డిగ్రీల వాలైనా ఇవ్వండి. రెక్క కూర్చునే చోట లోపలి మూలలను కనీసం 4 మిల్లీమీటర్ల గుండ్రంతో గీయండి. క్లాత్ మూలలోకి వంగదు. అది వంగని చోట గాలి బుడగ ఉంటుంది. గాలి బుడగ మీద ఉన్న పలుచని పొర గోరు తగిలితే పెచ్చు ఊడుతుంది.

మోల్డ్ పని ఇలా ఉంటుంది. నున్నటి లామినేట్ బోర్డును ప్లగ్ ఆకారంలో కోసి, ప్లగ్‌ను సగం దాకా అందులో కూర్చోబెడతారు. సందుల్లో పిల్లలు ఆడుకునే క్లే నింపి, ఐస్‌క్రీమ్ పుల్లతో చదును చేస్తారు. అంటుకోకుండా ఆరు సార్లు వ్యాక్స్, పైన పీవీఏ (పలుచని పొరలా ఆరే ద్రవం). తర్వాత చిక్కటి రెజిన్ పొర, దానిపై క్లాత్ పొరలు 3, 4 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా. వెనక ప్లైవుడ్ పక్కటెముకలు. అది గట్టిపడ్డాక ప్లగ్ తీయకుండానే బోల్తా కొట్టి, బోర్డు తీసేసి, రెండో సగం. ప్లగ్‌ను తీసి మళ్లీ పెడితే రెండు ముక్కలూ జన్మలో కలవవు.

మోల్డ్‌కు చవకగా పాలిస్టర్ రెజిన్, చాప్డ్ మ్యాట్ (గ్లాసు పోగుల ముక్కలను అతికించిన చాప) వాడొచ్చా అని అడుగుతారు. పడవలకు, ట్యాంకులకు వాడేది అదే. వాడొచ్చు, కానీ అది గట్టిపడేటప్పుడు కుంగుతుంది. ఒకేరోజు మందంగా వేస్తే వేడెక్కి వంకర పోతుంది. రోజుకు రెండు పొరలే వేసుకోండి. మామూలు మ్యాట్‌ను ఎపాక్సీతో తడపాలని మాత్రం చూడకండి. ఆ మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే బంక పాలిస్టర్‌లోని స్టైరీన్‌కే కరుగుతుంది, ఎపాక్సీలో ఉలకదు పలకదు. ఎపాక్సీ అయితే అల్లిన క్లాతే.

ఇక మోల్డ్ ఊడదీయడం. నా మొదటి మోల్డ్ ప్లగ్‌ను పట్టుకుని వదల్లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి, సుత్తి పెట్టి, అంచు పగలగొట్టుకున్నాను. తర్వాత కాకినాడలో ఫైబర్ పడవలు చేసే ఓ పెద్ద మేస్త్రీకి చూపిస్తే నవ్వాడు. "కొట్టకూడదు బాబూ. అంచులో సన్నగా సందు చేసి నీళ్లు పొయ్యండి. పొయ్యంగానే లాగకండి, కాసేపు ఆగండి. దానంతటదే ఒదులుద్ది." పీవీఏ నీళ్లకు కరుగుతుందని పుస్తకాల్లో చదివినవాణ్నే. ఆ సందులో నీళ్లు పోయాలని మాత్రం తోచలేదు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ జోలికి పోను. ప్లాస్టిక్ చీలికలు, ఓ చెంబు నీళ్లు, కాస్త ఓపిక.

చేత్తోనా, బెలూన్‌తోనా?

మోల్డ్ ఉంది. ఇప్పుడు రెండు సగాలనూ కలిపే దారులు రెండు.

మొదటిది: ఒక్కో సగాన్నీ విడివిడిగా గట్టిపడనిచ్చి, అంచులు మోల్డ్‌కు సమంగా కోసి, రెండూ బిగించి, లోపల నుంచి క్లాత్ పట్టీ వేయడం. అంగుళం వెడల్పు పట్టీ, రెండు పక్కలా 110 సెంటీమీటర్లు. రెజిన్‌తో కలిపి 18 గ్రాములు. బుర్ర భాగంలో సులువు. తోకలోకి వచ్చేసరికి పొడుగు కర్రకు బ్రష్ కట్టుకుని, టార్చిలైటు వేసుకుని, చీకట్లో సూదిలోకి దారం ఎక్కించినట్టుంటుంది. పట్టీ ఎక్కడో ముడతపడుతుంది, మనకు కనబడదు. మొత్తం: 154కు 18, మోల్డ్‌లోనే ముందుగా కొట్టిన పెయింట్ 20 కలిపితే 192 గ్రాములు.

రెండోది బెలూన్. రెండు సగాల్లోనూ తడి క్లాత్ వేసి, ఒక సగంలో క్లాత్‌ను అంచుకు పైగా 8, 10 మిల్లీమీటర్లు వదిలి, మధ్యలో పొడుగు బెలూన్ పెట్టి, మోల్డ్ మూసి, బోల్టులు బిగించి, గాలి కొడతారు. వదిలిన క్లాత్ లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి బెలూన్ ఉబ్బగానే అది అవతలి సగం మీద పరుచుకుని అతుకుతుంది. అంతా ఒకేసారి గట్టిపడుతుంది. ఒత్తిడికి క్లాత్ పొరలు దగ్గరపడి, తక్కువ రెజిన్‌తోనే సరిపోతుంది. 60 పాళ్లు క్లాత్‌కు 40 పాళ్లు రెజిన్ వచ్చిందంటే మన 154 కాస్తా 128. అతుకు, పెయింట్ కలిపినా 155 దగ్గర ఆగుతుంది. థర్మాకోల్ బాడీ కంటే 60 గ్రాములు తక్కువ, చేతి అతుకు కంటే 35 పైచిలుకు తక్కువ. ఆ తగ్గినదాంట్లో 10 గ్రాములు తోక కొస వైపువే అయినా ముక్కులో 30 గ్రాముల సీసం మిగిలినట్టే.

ఇంత మంచిదైతే అందరూ ఇదే చేయొచ్చు కదా అంటే, ఓసారి ఈ లెక్క చూడండి. బాడీ సగటు వెడల్పు ఐదున్నర సెంటీమీటర్లు, పొడవు 110. దాదాపు 600 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు అరకిలో ఒత్తిడి, అంటే సైకిల్ టైరులో కొట్టే గాలిలో చిన్న వంతు, కొట్టినా మోల్డ్ రెండు ముక్కలనూ విడదీయాలని చూసే బలం 300 కిలోలు. మూడు క్వింటాళ్లు! అంచుల పొడవునా 8 సెంటీమీటర్లకో బోల్టు లేకపోతే మధ్యలో మోల్డ్ నోరు తెరుస్తుంది. ఆ సందులోకి రెజిన్, క్లాత్ పిండుకుని వస్తాయి.

నాకు జరిగింది ఇంకోటి. రాత్రి పదకొండు దాటింది. మోల్డ్ మూసి, బోల్టులన్నీ బిగించి, సైకిల్ పంపుతో మెల్లగా కొడుతున్నాను. గేజు ముల్లు 0.4 దగ్గర ఉంది. హమ్మయ్య అనుకుని చేతులు కడుక్కోవడానికి లేచాను. లోపల టప్ మంది. పెద్ద చప్పుడేం కాదు, ఎవరో పక్కగదిలో చిటిక వేసినట్టు. ముల్లు సున్నాకు పడిపోయింది. రెజిన్ అప్పటికే చిక్కబడుతోంది. మోల్డ్ తెరిస్తే తడి క్లాత్ అంతా చిందరవందర అవుతుంది. తెరవకపోతే అతుకు అతకదు. తెరవలేదు. పొద్దున్న చూస్తే అతుకు వెంబడి జానెడు జానెడు పొడవున సందులు, వీపు మీద క్లాత్ గుడారంలా లేచి ఉంది. కారణం వెతికితే అంచు కోసేటప్పుడు మిగిలిన ఒక గ్లాసు పోగు, సూదిలా గట్టిపడి లోపలికి పొడుచుకొచ్చింది.

అప్పటి నుంచి రెండు బెలూన్లు, ఒకదానిలో ఒకటి. మోల్డ్‌లో పెట్టే ముందురోజు వాటిని ఉబ్బించి రాత్రంతా వదిలి చూస్తాను. మూసే ముందు అంచు పొడవునా వేలు పెట్టి తడిమి చూస్తాను, గ్లౌజ్ వేసుకునే. కాబట్టి బెలూన్ పద్ధతి రెండో బాడీకో మూడో బాడీకో మొదలుపెట్టండి. మొదటి బాడీ చేతి అతుకుతోనే తీయండి, మీ మోల్డ్ స్వభావం తెలుస్తుంది.

మరి వ్యాక్యూమ్ సంగతి, అంటే సంచిలో పెట్టి గాలి లాగేసి క్లాత్‌ను అదిమే పద్ధతి? పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను పంపుగా మార్చుకుని చాలామంది వాడతారు. రెక్కలకు అది బ్రహ్మాండం. బాడీ సగాలకు కూడా పనికొస్తుంది, రెజిన్ తగ్గుతుంది. కానీ అతుకు సమస్య అలాగే మిగులుతుంది, అందుకే బాడీ కోసమే పంపు కొనమని చెప్పను.

ప్రింటర్ ఉన్నవాళ్లకు రెండు మాటలు

బాడీనే నేరుగా ప్రింట్ చేస్తే? 1 మిల్లీమీటరు గోడతో పీఎల్ఏ (ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్) బాడీ మన కొలతలకు 235 గ్రాములు. థర్మాకోల్ బాడీ కంటే బరువు, పెళుసు, పైగా ఎండలో మెత్తబడుతుంది. మోల్డ్‌నే నేరుగా ప్రింట్ చేయడం మంచి ఆలోచన, ప్లగ్ పని తప్పుతుంది. మామూలు ప్రింటర్‌లో ఒక్కో ముక్క 20 సెంటీమీటర్లే కాబట్టి సగానికి ఆరు ముక్కలు అతకాలి. లోపలి వంపులో గీతలు రుద్దడం బయటి వంపులో రుద్దినంత తేలిక కాదు. మూడు నాలుగు బాడీలకు, ముఖ్యంగా గాలపు కర్ర బుర్రకు, ఇది చక్కగా సరిపోతుంది. పొడుగు బాడీకి మాత్రం ప్లగ్ ప్రింట్ చేసి, మోల్డ్ ఫైబర్‌తో తీయడమే నా ఓటు.

క్లాత్ దగ్గర డబ్బు ఎక్కడ పెట్టాలి?

కార్బన్ పోగు బిగువు గ్లాసు కంటే మూడు రెట్లు పైనే. బరువూ తక్కువ. ధర మాత్రం ఎన్నో రెట్లు. కెవ్లార్ అనే ఇంకో రకం పోగు ఇంకా తేలిక, చిరగదు, కానీ నొక్కితే తేలిగ్గా లొంగుతుంది. మామూలు కత్తెరకు తెగదు, రుద్దితే బొచ్చులా లేస్తుంది. ముక్కు పగిలినా ముక్కలు కలిసి ఉండాలంటే లోపల ఒక పొర కెవ్లార్ బాగుంటుంది, అంతకుమించి దాని జోలికి పోవద్దు.

కార్బన్‌తో ఇంకో చిక్కు, అది 2.4 గిగాహెర్ట్జ్ రేడియోను అడ్డుకుంటుంది. బాడీ అంతా కార్బన్ వేసి రిసీవర్‌ను లోపల పెట్టి, విమానం దూరం వెళ్లాక సిగ్నల్ పోయిందని ఏడ్చినవాళ్లున్నారు. రిసీవర్ ఉండే ముక్కు భాగం గ్లాసుతోనే చేయండి, లేదా యాంటెన్నా కొసలు బయటికి తీయండి.

గ్లాస్ బాడీకే తోకలో కార్బన్ పోగులు వేయడం నాకు బాగా నచ్చిన కిటుకు. 12కే (12 వేల సన్నపోగులున్న) కార్బన్ పోగు మీటరుకు 0.8 గ్రాములే. తోక భాగంలో 80 సెంటీమీటర్ల పొడవున పైన రెండు, కింద రెండు వేశారనుకోండి. పోగులు రెండున్నర గ్రాములు, రెజిన్‌తో 5 లోపు. వంగకుండా ఉండటంలో వచ్చే తేడా చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. ఇక మెలి తిరగకుండా ఉండటానికి లోపలి 163 పొరల్లో ఒకదాన్ని 45 డిగ్రీల వాలులో కోసి వేయండి. ఖర్చు లేని బలం అది. క్లాత్ కాస్త ఎక్కువ వృథా అవుతుంది, అంతే. వాలుగా కోసిన క్లాత్ వంపుల్లో కూడా మాట వింటుంది.

రెజిన్, కాటా

బాడీకి ఎపాక్సీయే. పాలిస్టర్ చవక నిజమే, కానీ వాసన భరించలేం, పెళుసు, థర్మాకోల్‌ను తాకితే తినేస్తుంది. దాని హార్డెనర్ (గట్టిపడటానికి కలిపే మందు) కంట్లో పడితే చూపుకే ముప్పు. ఆ హార్డెనర్‌ను కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో (త్వరగా గట్టిపడేలా చేసే మందు) నేరుగా కలిపితే పేలుతుంది.

ఎపాక్సీల్లో మన కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా కనబడేది ఎల్‌వై 556 రెజిన్, హెచ్‌వై 951 హార్డెనర్. బరువులో 100కి 10. కాస్త చిక్కన, పలుచని క్లాత్‌ను తడపడానికి ఓపిక కావాలి. గ్లైడర్లవాళ్లు ఇష్టపడే ఎల్ 285 లాంటివి పల్చన, 100కి 40. ధర ఎక్కువ. కానీ కొలతలో చిన్న తప్పును ఓర్చుకోవడంలో 40 వేరు, 10 వేరు. బాడీలో ఒక సగానికి 40 గ్రాముల రెజిన్ కలిపితే 4 గ్రాముల హార్డెనర్ పడాలి. 1 గ్రాము దాకానే చూపించే వంటింటి కాటాలో 4 అని పడితే అది మూడున్నర కావచ్చు, నాలుగున్నర కావచ్చు. నా రెండో బాడీ తోక ఇలాగే పోయింది. వారం ఎండలో పెట్టినా బెల్లం పాకంలా జిగటగానే ఉంది. బంగారం కొట్లో ఉండేలాంటి, గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా కొనండి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోయడం ఎపాక్సీలో పనికిరాదు. మిగిలిపోయిన హార్డెనర్ లోపలే ఉండి బలాన్ని తగ్గిస్తుంది.

హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రి కలిపిన రెజిన్, ఏప్రిల్ మధ్యాహ్నం కలిపిన రెజిన్ ఒకటి కావు. 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం దాదాపు సగమైపోతుంది. కప్పులో ఎక్కువ కలిపి ఉంచితే పొగలు కక్కి గడ్డకడుతుంది. వెడల్పాటి పళ్లెంలో పోసుకుంటే ఆ వేడి పోతుంది. విశాఖ, కాకినాడ వైపు వేరే తలనొప్పి. గాలిలో తేమకు గట్టిపడిన పొర మీద జిడ్డు తేలుతుంది. దానిమీద ఇంకో పొర వేస్తే పట్టదు. నీళ్లతో కడిగి, ఆరబెట్టి, రుద్ది, ఆ తర్వాతే వేయండి. గ్లౌజ్ లేకుండా మాత్రం ఎపాక్సీ ముట్టుకోవద్దు. మొదటి పదిసార్లు ఏమీ కాదు, పదకొండోసారి ఒళ్లంతా దద్దుర్లు. ఆ తర్వాత జీవితాంతం వాసనకే దద్దుర్లు వచ్చేవాళ్లున్నారు. గట్టిపడిన ఫైబర్ రుద్దేటప్పుడు మాస్క్, తడి పేపర్.

మన ఎండ

గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో మూసి ఉన్న కారు లోపల అంత వేడి మామూలే. రెండు కొసల మీద ఆనించి పెట్టిన బాడీ సాయంత్రానికి అరటిపండులా వంగి ఉంటుంది. ఫైబర్‌తో చేసిన తొలి గ్లైడర్ ఎఫ్ఎస్-24 ఫీనిక్స్ 1957లో జర్మనీలో ఎగిరింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా నిజం ఫైబర్ గ్లైడర్లు దాదాపు అన్నీ తెల్లగానే ఉండటానికి కారణం ఈ వేడే. కార్బన్ నలుపు అందంగా ఉందని వార్నిష్ కొట్టి వదిలేసేవాళ్లు మన దగ్గర రెండు వేసవులు చూడరు.

తెల్లరంగు కాకుండా ఇంకోటి చేయాలి, గట్టిపడిన బాడీని మోల్డ్‌లోనే ఉంచి మెల్లగా కాచాలి. ఓవెన్ అక్కర్లేదు. ఫోన్ చేసిన కుర్రాడు చివరికి బుర్ర, గాలపు కర్ర దారే పట్టాడు. వాళ్లింట్లో మామిడిపళ్లు వచ్చిన పెద్ద అట్టపెట్టె ఒకటి ఉంటే అందులో మోల్డ్ పెట్టి, 100 వాట్ల పాతరకం బల్బు వేలాడదీసి, వాళ్లమ్మ జ్వరం చూసే థర్మామీటర్ పెట్టబోయాడు. అది 42 దాటి చూపించదు, పగులుతుంది కూడా, వేరేది కొనుక్కో అన్నాను. ముందు 40 డిగ్రీల దగ్గర రెండు గంటలు, తర్వాత 50, 55 దగ్గర ఎనిమిది గంటలు. బల్బు అట్టకు జానెడు దూరంలో ఉండాలి, ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. పొద్దున్నే ఫోటో పంపాడు. బుర్ర 58 గ్రాములు, మోల్డ్ ఊడదీయడానికి పక్కన ఓ చెంబు నీళ్లు.